అప్పు తేని తీసివేత

తొంభై మూడులోంచి యాభై ఎనిమిది తీసేస్తే
నలభై ఐదు అని రాసింది పిక్రియా.
ఎర్రసిరా కలం మూత తీశాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ చియాతురా బళ్ళో
ఈ ఒక్క తప్పునే
ఎన్ని గళ్ళ పుస్తకాల్లో కొట్టేశానో.
మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి
ఎనిమిదిలోంచి మూడు తీసేస్తారు.
పైనున్నా కిందున్నా పెద్దది పెద్దదే కదా వాళ్ళకి,
కొండకీ కొండకీ మధ్య
తీగ మీద వేలాడే మా ఊరి పెట్టెలకి
ఎక్కడమూ దిగడమూ ఒకటే అయినట్టు.

"పక్కింటికెళ్ళి ఒక పది అప్పు తెచ్చుకోవాలమ్మా"
అన్నాను, ఎప్పటి మాటే.
పిల్ల తల వంచుకుని
కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దింది.
ఆ చిరుగు పక్కన
మళ్ళీ నలభై ఐదే రాసింది.

శనివారం, సంతలో
మేనత్త లామారా బల్ల దగ్గర కనబడింది.
దారానికి అక్రోట్లు గుచ్చి
ద్రాక్షపాకంలో ముంచి ఆరబెట్టిన చుర్చ్‌ఖేలాలు
ముదురురంగు కొవ్వొత్తుల్లా వేలాడుతున్నాయి.
"తొంభై మూడు తెచ్చాం, యాభై ఎనిమిది పోయాయి,
ఇంకెన్నున్నాయే?"
వేలు పెట్టి లెక్కించే ఓపిక లేక అడిగింది అత్త.
పిల్ల వేళ్ళు ముడవలేదు.
పెదాలు మాత్రం
చీకట్లో మెట్లు తడుముకుంటున్నట్టు కదిలాయి.
"ఇరవై పదిహేను."

మా భాష అంతే, ఇరవైలతో నడుస్తుంది.
ముప్ఫై ఐదుకి ఇరవై పదిహేనంటాం.
యాభై ఎనిమిది, రెండిరవైల పద్ధెనిమిది.
తొంభై మూడు, నాలుగిరవైల పదమూడు.

జవాబు సరే, దారి చెప్పమన్నాను.
"రెండిరవైల పద్ధెనిమిది కదా టీచర్,
ఇంకో రెండేస్తే మూడిరవైలు.
ఇంకో ఇరవై వేస్తే నాలుగిరవైలు.
ఆ పైన పదమూడు. అది పేరులోనే ఉందిగా."

రెండూ, ఇరవై, పదమూడూ.
తీసెయ్యమంటే
పిల్ల కలుపుకుంటూ పోయింది,
తగ్గమంటే ఎక్కింది.
పుట్టిన దగ్గర్నుంచీ నా నోట్లో నానుతున్న మాటల్లో
ఇన్ని మెట్లున్నాయని
నాకెవరూ చెప్పలేదు.
నేనూ ఎవరికీ చెప్పలేదు.

"మరి బళ్ళో ఎందుకు చెయ్యలేదే ఇలా?"
"బళ్ళో అప్పు తెమ్మన్నారుగా."
ఆ ఒక్క మాటకి గొంతు తగ్గించింది,
అత్త వైపు చూసి.

ఎల్గూజా కొట్టు గుర్తొచ్చింది.
తక్కెడ పక్కన, నూనె మరకలతో, నిసియా పుస్తకం,
వీధంతటి అప్పుల పద్దు.
వాళ్ళమ్మ పేరు కింద
రొట్టె, పంచదార, బ్యాటరీలు, మళ్ళీ రొట్టె,
పేజీ తిప్పితే అదే పేరు.
ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా
వరుసలో నిలబడ్డవాళ్ళం
మర్యాదకి సబ్బుబిళ్ళల వైపు చూస్తాం.
నేనూ చూశాను.
అమ్మ కొంగు ఎత్తున నిలబడ్డ ఈ పిల్ల
మేం చూపు తిప్పుకోవడాన్ని చూసి ఉంటుంది.

"పక్కింటి తొమ్మిది ఎనిమిదైపోతుంది కదా టీచర్,
మళ్ళీ ఎప్పుడిచ్చేస్తాం?"

ఇవ్వక్కర్లేదు తల్లీ, అన్నాను.
అది పక్కిల్లు కాదు, మనిల్లే.
కట్టి ఉన్న ఒక పదిని విప్పి
ఒకట్లుగా పరుచుకుంటాం,
ఎనిమిది పదులూ పదమూడు ఒకట్లూ అయినా
అది తొంభై మూడే,
ఒక్కటీ ఎక్కడికీ పోదు.
నోటు మారిస్తే చిల్లరొచ్చినట్టు.

కాసేపు దారపు ముడితో ఆడింది.
"అయితే చిల్లర అనొచ్చుగా" అంది.

అనొచ్చు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు అనొచ్చు.

రెండు చుర్చ్‌ఖేలాలు కొన్నాను.
కాగితంలో చుడుతూ,
నాతోనూ కాదు, అత్తతోనూ కాదు,
"ఇరవై పదమూడు" అంది.